పులి మాట్లాడదు, బురద మాత్రం నిజమే

సంపాదకులకు నమస్కారం.

తిరుపతిలో మా పేట శాఖా గ్రంథాలయంలో వేసవి సెలవుల్లో పిల్లలకు కథలు చదివి వినిపిస్తుంటాను. తెలుగు పండితురాలిగా ఉద్యోగ విరమణ చేశాక ఇష్టపడి పెట్టుకున్న పని ఇది. మీ ఆదివారం పిల్లల పేజీ కూడా చదువుతాం. మాట్లాడే జంతువులు, మాయలూ మంత్రాలూ పిల్లల బుర్రలు పాడుచేస్తున్నాయనీ, ఇకమీదట వాస్తవ కథలే వేయాలనీ ఈమధ్య ఒక పాఠకుడు మీకు రాశారు. ఆయన భయం అర్థమైంది. కానీ కల్పన తీసేస్తే పిల్లలకు తేడా ఎలా తెలుస్తుంది? రెండూ పక్కపక్కన పెట్టి చదివిస్తేనే తెలుస్తుంది.

హితోపదేశంలోని ముసలి పులి కథనే తీసుకోండి. పులి కొలనుగట్టున దర్భ పట్టుకుని కూర్చుని బంగారు కంకణం దానమిస్తానంటుంది. బాటసారి ఆశపడి నీళ్లలోకి దిగి బురదలో కూరుకుపోతాడు. చదవడం అయ్యాక నేను అడిగేది ఒక్కటే: ఇందులో మన కల్యాణి డ్యామ్ వైపు జరగగలిగేది ఏది, ఎక్కడా జరగలేనిది ఏది? పులి మాట్లాడదని అందరూ ఒక్కసారే అరుస్తారు. బురద దగ్గర ఆగి ఆలోచిస్తారు. తాతగారి ఊళ్లో చెరువు అడుసులో దూడ దిగబడిపోతే నలుగురు కలిసి లాగారని ఒక అబ్బాయి చెప్పాడు. బాటసారి ఆశ సంగతి వచ్చేసరికి వాదన పెరిగింది. బహుమతి వచ్చిందని ఫోన్‌కు మెసేజ్ వస్తే పక్కింటివాళ్లు డబ్బు కట్టి మోసపోయారని నాలుగో తరగతి పాప చెప్పాక ఇక ఎవరూ మాట్లాడలేదు. అంత మాయ కథలో అంత నిజం ఉందని నేను విడమరచి చెప్పాల్సిన పని లేకపోయింది.

మన ప్రాంతంలో ఈ తేడా తెలియడం ప్రాణావసరం కూడా. 2023లో అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్నారిని పొట్టనబెట్టుకుంది. ఆ తర్వాతే నడిచి వెళ్లే భక్తులకు కర్రలు ఇచ్చారు. పలమనేరు, కుప్పం వైపు రైతులను అడిగితే ఏనుగుల గుంపు పొలంలో పడితే ఏమవుతుందో చెబుతారు. కథలో ఏనుగు తొండంతో ముద్దు చేస్తుంది. ఆ కథ చదివిన పూటే అడవి ఏనుగు గురించీ చెప్పాలి. అంతేగానీ కథ చించెయ్యకూడదు.

పిల్లలకు ఇదంతా కష్టమని అనుకోవద్దు. గంగమ్మ జాతరలో బొగ్గు పూసుకుని తోటి వేషం, గంధం పూసుకుని దొర వేషం కట్టే ఊరు మనది. వేషం లోపలున్నది ఎదురింటి అన్న అని తెలిసినా పిల్లలు దాన్ని వేషంగానే గౌరవిస్తారు. పురాణాల జోలికి మాత్రం నేను పోను. స్వామివారి కథ నిజమేనా అని అడిగితే, అది విశ్వాసానికి సంబంధించిన మాట, ఇంట్లో పెద్దవాళ్లతో కూర్చుని మాట్లాడుకోమంటాను.

నిజానికి వాళ్లు ఎక్కువగా తికమకపడేది మాయ కథల్లో కాదు, మామూలు మనుషుల కథల్లో. దామలచెరువు మధురాంతకం రాజారాం గారి కథ ఒకటి చదివాను. పల్లె బతుకులు రాసి 1993లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న మన జిల్లా రచయిత. చదవగానే ఆ మనిషిది ఏ ఊరు, ఇప్పుడున్నాడా అని అడిగారు. రచయిత కల్పించిన మనిషి అని చెబితే ముఖాలు చిన్నబోయాయి. 'అయితే అబద్ధమేనా టీచర్?' అన్నారు. ఇక్కడే తొందరపడకుండా కూర్చోవాలి. జరిగింది వేరు, జరగగలిగింది వేరు. రచయిత ఎంతోమందిని చూసి, వాళ్ల మాటా నడకా కలిపి ఒక మనిషిని తయారుచేస్తాడు. అలాంటి మనిషి మీ వీధిలో ఉన్నాడా అని అడిగితే వెతకడం మొదలుపెట్టారు.

ఇక ఫోన్లలో కంప్యూటర్ తయారుచేసిన వీడియోలు వస్తున్నాయి. చిరుత మెట్ల మీద కూర్చుని నైవేద్యం తింటున్నట్టు ఒకటి చూపించి, నిజమని పందెం కట్టారు పిల్లలు. కథ అయితే నేను కథనని ముందే చెప్పుకుంటుంది, వీడియో అలా చెప్పదు. కథల దగ్గర ప్రశ్నించడం అలవాటైన పిల్లలే 'ఇది ఎవరు తీశారు, ఎక్కడ తీశారు' అని అడిగారు.

మీకు నా విన్నపం రెండు విషయాల్లో. కథ కింద 'నీతి' అని అచ్చువేయడం మానేసి, ఆ చోట 'ఇందులో జరగగలిగేది ఏది?' అన్న ప్రశ్న వేయండి. మాయ కథ పక్కనే మన ప్రాంతపు కథ ఒకటి ఇవ్వండి. తోతాపురి కాయల ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు బారులు తీరినప్పుడు, ఆ రైతు ఇంట్లో చదువుకునే పిల్ల ఏమనుకుంటుందో ఎవరైనా రాస్తే బాగుంటుంది. మా పిల్లలు అడిగిన ప్రశ్నలు నోటు పుస్తకంలో రాసి ఉంచాను. కావాలంటే పంపుతాను.

– విశ్రాంత తెలుగు పండితురాలు,
తిరుపతి