ఓర్పు పేరుతో కరిగిపోతున్న గడువు

సంపాదకులు గారికి నమస్కారములు.

పనిచేసే చోట వేధింపులకు గురవుతున్న స్త్రీ ఆ సంగతి ఇంట్లో చెప్పుకోలేనప్పుడు మొదట చెప్పుకునేది తాను నమ్మిన దేవుడికి. ఆ తరువాత, ధైర్యం చాలితే, తాను వెళ్లే మందిరంలోని పెద్దలకు. ఆ పెద్దలు ఇచ్చే సలహా గురించే ఈ ఉత్తరం.

గుంటూరులో ఒక చిన్న వ్యాపార సంస్థలో నేను కొన్నేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. అక్కడ పనిచేసేవాళ్లం 9 మందిమి. మా మేనేజరు సాయంత్రం బిల్లులు సరిచూసే నెపంతో నన్నొక్కదాన్నే ఆపేయడం, కుర్చీ వెనుక నిలబడి మీద పడేలా వంగడం, రాత్రి పదింటికి పనితో సంబంధం లేని వాట్సాప్ సందేశాలు పంపడం దాదాపు ఏడాది పాటు సాగింది. ఇంట్లో చెబితే ఉద్యోగం మానేయమంటారు, మానేస్తే పిల్లల ఫీజులు కట్టలేము. అందుకని శుక్రవారాలు ఉపవాసం ఉండి, ఆ మేనేజరుకు వేరే ఊళ్లో ఇంతకంటే మంచి ఉద్యోగం రావాలని ప్రార్థించేదాన్ని. వేధించినవాడికి జీతం పెంచమని దేవుణ్ణి వేడుకున్నానని తలచుకుంటే ఇప్పుడు నాకే నవ్వు వస్తుంది.

మా సంఘంలో ఒక పెద్దావిడకు చెప్పుకున్నప్పుడు ఆమె నా చేతులు పట్టుకుని ఏడ్చారు, ప్రార్థన చేశారు, చివరకు “ఓర్చుకో అమ్మా, క్షమించు, ఆయనే చూసుకుంటాడు” అన్నారు. ఆమె ప్రేమలో కల్మషం లేదు. కానీ ఆ మాట ఆరు నెలలు నా నోరు కట్టేసింది.

ఆ కట్టు తెగింది కూడా అదే మందిరంలో. ఒక ఆదివారం పాస్టరుగారు బైబిలులోని విధవరాలి ఉపమానం చెప్పారు. విసుగు చెందక ప్రార్థించాలన్నది ప్రసంగం సారం. నాకు మాత్రం వింటూ ఉండగా ఆ విధవరాలి నడక మీదికి మనసు పోయింది. ఆమె ఇంట్లో మోకాళ్లూని కూర్చోలేదు, దేవుడికి భయపడని, మనుషులను లెక్కచేయని న్యాయాధిపతి గుమ్మానికి మళ్లీ మళ్లీ వెళ్లింది. ఆయన తీర్పు చెప్పింది మంచివాడై కాదు, ఆమె పోరు పడలేక. నా ప్రార్థన ఇక కాగితం మీదికి ఎక్కాలని ఆ పూటే నిశ్చయించుకున్నాను.

పనిచేసే చోట స్త్రీలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 నాటి చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే చోట యజమాని అంతర్గత కమిటీ వేయాలి. మావంటి చిన్న సంస్థల వారికి, యజమాని మీదనే ఫిర్యాదు ఉన్నవారికి, ఇళ్లలో పనిచేసుకునే స్త్రీలకు జిల్లాలో స్థానిక కమిటీ ఉంటుంది. ఫిర్యాదు ఆరు ప్రతులు ఇవ్వాలి. రాయడం రానివారికి రాసిపెట్టడంలో కమిటీయే సాయం చేయాలి. విచారణలో ఏ పక్షం వారూ వకీలును తెచ్చుకోవడానికి వీలు లేదు కనుక ఖర్చు భయం అక్కర్లేదు. రుజువు చేయలేకపోయినంత మాత్రాన అబద్ధపు ఫిర్యాదని చర్య తీసుకోరు. దీనికంతటికీ మూలం 1997 ఆగస్టు 13న సుప్రీంకోర్టు ఇచ్చిన విశాఖ తీర్పు. అది మన విశాఖపట్నం కేసేమో అనుకున్నాను గానీ, విశాఖ అన్నది రాజస్థాన్‌కు చెందిన మహిళా సంస్థ పేరట. అక్కడి భటేరీ గ్రామంలో బాల్యవివాహాన్ని ఆపబోయినందుకు 1992లో అత్యాచారానికి గురైన భన్వరీ దేవి ఉదంతం ఆ కేసుకు కారణం.

అయితే ఫిర్యాదు మూడు నెలల్లో ఇవ్వాలి. వేధింపు వరుసగా సాగినప్పుడు ఆఖరి సంఘటన నుంచి లెక్క కడతారు కనుక నేను బతికిపోయాను. తగిన కారణం ఉందనుకుంటే కమిటీ మరో మూడు నెలలకు మించకుండా గడువు పొడిగించవచ్చు. నాకు అందిన సలహానే, వేధింపు భరించలేక ఉద్యోగం మానేసి వచ్చిన ఒక అమ్మాయికి అంది ఉంటే, ఆ ఆరు నెలల ఓర్పులో పొడిగింపుతో సహా గడువు మొత్తం కరిగిపోయి ఉండేది.

విచారణ వివరాలు బయటపెట్టడం చట్టంలోని 16వ సెక్షన్ కింద నిషిద్ధం కనుక అక్కడేం జరిగిందో రాయను. పేర్లు లేకుండా న్యాయం దొరికిందని చెప్పుకోవడానికి అదే సెక్షన్ ఒప్పుకుంటుంది, ఆ మాట మాత్రం చెబుతున్నాను. కమిటీ ఎదుట నాలుక పిడచగట్టినప్పుడు 23వ కీర్తన మనసులో చెప్పుకున్నాకే నా గొంతు పెగిలింది. విశ్వాసం వద్దని నేను ఈ ఉత్తరం రాయడం లేదని పాఠకులు గమనించాలి.

పాస్టర్లు, పూజారులు, ఇమాములు, భజన మండళ్ల పెద్దలు, ఎవరైనా సరే, ఇటువంటి సంగతి చెవిన పడినప్పుడు ఓర్చుకోమనే ముందు ఆఖరుసారి ఏ తేదీన జరిగిందమ్మా అని ఒక్క మాట అడగాలని నా మనవి. మా పెద్దావిడకు ఈ గడువు సంగతి వివరించినప్పుడు ఆమె చాలాసేపు మాట్లాడలేదు, తరువాత ఫిర్యాదు ఇచ్చే రోజున తానే నాతో వచ్చారు. మందిరంలో ఆరాధన వేళలు రాసే బోర్డు కింద స్థానిక కమిటీ చిరునామా రాయించడానికి పాస్టరుగారు ఒప్పుకున్నారు. ఆ చిరునామా కోసం నేను కలెక్టరేట్‌లో మూడు గదులు తిరిగాను. అధికారులు దానిని గుమ్మం దగ్గరే, అందరికీ కనబడేలా రాయించాలి.

పేరు వెల్లడించలేని ఒక పాఠకురాలు,
గుంటూరు