తెల్లవారుజామున మూడున్నరకు వచ్చే అలర్టుల గురించి కార్మిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ కార్మిక శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

గచ్చిబౌలిలో ఒక సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్‌లో ఆరేళ్లుగా పని చేస్తున్నాను. బ్యాంకులు, ఆసుపత్రుల నెట్‌వర్క్‌ల్లో ఏదైనా తేడాగా జరిగితే మా స్క్రీన్ మీద అలర్ట్ పడుతుంది. అది నిజమో కాదో తేల్చి, పై వాళ్లకు పంపాలి లేదా క్లోజ్ చేయాలి. చాలావరకు ఉత్తవే. ఎవరో పాస్‌వర్డ్ మర్చిపోయి ఉంటారు, ఏదో బ్యాకప్ నడుస్తుంటుంది. వంద ఉత్తవి చూశాక నూటొకటోది కూడా ఉత్తదిలాగే కనిపిస్తుంది.

రెండేళ్ల కిందట ఒక రాత్రి పక్క సీటతను రాలేదు. అతని అలర్టులూ నాకే వచ్చాయి. మూడున్నర దాటాక ఒక అడ్మిన్ అకౌంట్ (సిస్టమ్‌ల మీద పూర్తి అధికారం ఉండే అకౌంట్) లాగిన్ పడితే, అంతకుముందు వాటిలాగే దాన్నీ క్లోజ్ చేసేశాను. ఆ ఉద్యోగి ఎప్పుడో మానేశాడని పక్కనే రాసి ఉంది. చదివాను కూడా. బుర్రకెక్కలేదు. పొద్దున షిఫ్ట్‌లో వచ్చిన అమ్మాయి పట్టుకుంది కాబట్టి సరిపోయింది. నాకు ‘అజాగ్రత్త’ అని మెమో ఇచ్చారు.

ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడటం లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ రాడార్ ఆపరేటర్లకూ ఇదే సమస్య వచ్చింది. నార్మన్ మాక్‌వర్త్ అనే శాస్త్రవేత్త ఒక పరీక్ష పెట్టాడు. గడియారం లాంటి దాంట్లో సెకనుకొక అంగ కదిలే ముల్లు ఎప్పుడో ఒకసారి రెండు అంగలు గెంతుతుంది, రెండు గంటల పాటు దాన్ని కనిపెడుతూ ఉండాలి. అరగంట దాటేసరికే గమనించకుండా వదిలేసే గెంతులు ఎక్కువయ్యాయి. 1948లోనే అచ్చయిన సంగతి ఇది. మా షిఫ్ట్ తొమ్మిది గంటలు.

సైబర్ దాడి గమనించిన 6 గంటల్లోగా తమకు తెలియజేయాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022లో ఆదేశించింది. మంచిదే. కానీ గమనించాల్సిన మనిషి ఎన్ని గంటల నుంచి కూర్చుని ఉన్నాడో ఎవరూ అడగలేదు. పైలట్లకు, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లకు డ్యూటీ గంటల మీద పరిమితులున్నాయి కదా. మన రాష్ట్రంలో ఐటీ సంస్థలకు, పని గంటల్లాంటివి నిర్ణయించే షాపుల చట్టంలోని కొన్ని సెక్షన్ల నుంచి మినహాయింపు ఇస్తూ వచ్చారు. ఆ మినహాయింపుకు ఒక షరతు జోడించండి. అలర్టులు చూసేవాళ్లను గంటన్నర కాగానే స్క్రీన్ ముందు నుంచి లేపి వేరే పని ఇవ్వాలి. ఇద్దరి పని ఒక్కరి మీద వేయకూడదు. తప్పు జరిగితే మెమో కంటే ముందు ఆ రోజు రోస్టర్ చూడాలి.

నమ్మకం కుదరకపోతే మీ అధికారులను ఒక రాత్రి మా ఫ్లోర్‌కు తనిఖీకి పంపండి. పదింటికి వద్దు, అప్పుడు అందరం చురుగ్గానే ఉంటాం. మూడు దాటాక రమ్మనండి.

ఇట్లు,
ఒక సెక్యూరిటీ అనలిస్ట్, హైదరాబాద్