తొట్టి లైటు వెలగకపోతే ముందు ఎర్త్ చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం. మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. కోతలప్పుడు రాత్రిళ్లు పాతపట్నం రోడ్డు మీద ట్రాక్టర్ తొట్టిలు వెనక ఒక్క లైటూ లేకుండా పోతుంటే గుండె జారిపోతాది, బైకు మీదొచ్చేవాడికి దగ్గరికొచ్చేదాకా తెలీదు కదండీ.

చాలామంది బల్బు మార్చి చూసి, వెలక్కపోతే వదిలేస్తున్నారు. మా తొట్టికీ అలాగే అయ్యింది, ఇండికేటర్ వేస్తే టెయిల్ లైటు కూడా దాంతోపాటే మిణుకుమిణుకుమనేది, కొత్త బల్బు పెట్టినా అంతే. తీరా చూస్తే ఎర్త్ వైరు (బల్బులోంచి కరెంటు తిరిగిపోడానికి తొట్టి ఇనుముకి బిగించే వైరు) బోల్టు కింద తుప్పు, దానిమీద పెయింటు. బోల్టు ఊడదీసి గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది బిగించాం, రెండూ సరిగ్గా వెలిగాయి. ఎర్త్ అందకపోతే కరెంటు పక్క బల్బులోంచి దారి వెతుక్కుంటాది, అందుకే ఆ తికమక.

ఎర్త్ బాగుంటే తొట్టి వైరును ట్రాక్టర్‌కి కలిపే సాకెట్ పిన్నులకి పచ్చగా చిలుము పట్టిందేమో, హుక్కు దగ్గర వైరు ఒరుసుకుని తెగిందేమో చూడండి. ఫ్యూజు పోతే మాత్రం రాగితీగ చుట్టకండి బాబూ, వైరింగంతా కాలిపోతాది.

కోతలు మొదలవకముందే దీన్ని దయచేసి వేయండి సార్.

- ఒక ట్రాక్టర్ రైతు, పర్లాకిమిడి