రంగు సంగతి తర్వాత, ముందు బ్రేకులు

సూళ్లూరుపేట

బుజ్జమ్మా,

మన పాత బుల్లెట్టు బాగుచేయించడానికని చెన్నై నుంచి నువ్వు పంపిన ఎస్టిమేటు చదివాను. రంగు, క్రోము, అల్లాయ్ చక్రాలు, కొత్త సైలెన్సరు, గేరు ఎడమకాలికి మార్చే కిట్టు, కొత్త సీటు. మీ అమ్మ కళ్లజోడు పెట్టుకుని మొత్తం కూడి, "దీనికి ఇంకాస్త వేస్తే కొత్త బండే వస్తుంది కదా" అంది. డబ్బు మాట అలా ఉంచు. అంత పొడుగు కాగితంలో బ్రేకు షూలు లేవు, టైర్లు లేవు, వైరింగు లేదు. ఆ లెక్క రాసినవాడు నువ్వు బండి పక్కన నిలబడి ఫోటో దిగుతావనుకున్నాడే తప్ప, దాన్ని తోలతావనుకోలేదు.

ఇదంతా ఫోన్లో చెబితే "సరే నాన్నా, సరే నాన్నా" అని పెట్టేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు గేరు సంగతి. కుడికాలికి గేరు, ఎడమకాలికి బ్రేకు నీకు విడ్డూరంగా ఉంది, నిజమే. ఆ కిట్టు వేయిస్తే మధ్యలో ఇంకో రాడ్డు, లింకులు వచ్చి చేరతాయి. కొత్తలో బాగానే ఉంటుంది. లింకులు అరిగాక గేరు పడిందో లేదో కాలికి తెలియదు. ఉన్నది ఉన్నట్టే నేర్చుకో. మొదటి గేరు పైకి, మిగతా మూడూ కిందికి. అసలు ప్రమాదం ఎక్కడంటే, ఏ కుక్కో అడ్డం వచ్చినప్పుడు నీ కుడికాలు అడక్కుండానే కిందికి తొక్కేస్తుంది. అక్కడ బ్రేకు లేదు. బండి ఆగదు సరికదా, పై గేరులో పడుతుంది. మాటలతో పోయే అలవాటు కాదిది. ఆదివారం పొద్దున్నే ఐసీఎఫ్, అదే రైలు పెట్టెల ఫ్యాక్టరీ వైపు ఖాళీ రోడ్డు చూసుకుని, ఆపడం ఒక్కటే పనిగా పెట్టుకో. గేరు వెతక్కుండా ఎడమకాలు తనంతట తాను బ్రేకు మీదికి పోయేదాకా మౌంట్ రోడ్డు ఊసెత్తకు.

కిక్కు గురించి కాలేజీ పిల్లలు చెప్పే కోతలు నమ్మకు. అది కండబలంతో అయ్యే పని కాదు. తాళం తిప్పి, కిక్కు మెల్లగా నొక్కుతూ హెడ్‌లైటు మీదున్న అమ్మీటరు, అదే కరెంటు కొలిచే మీటరు, చూడు. ముల్లు మైనస్ వైపు పోయి, మళ్లీ మధ్యకు వచ్చే చోట కాలికి గట్టిగా తగులుతుంది. అక్కడ ఆగి, క్లచ్ కిందున్న చిన్న లీవరు, అదే సిలిండరులో ఒత్తిడి వదిలే డీకంప్రెసరు, నొక్కిపట్టి కిక్కు ఇంకొంచెం కిందికి తొయ్యి. లీవరు వదిలెయ్యి. కిక్కును పూర్తిగా పైకి రానిచ్చి, అప్పుడు ఒక్కటే పూర్తి తొక్కు. యాక్సిలరేటరు ముట్టుకోకు. చెప్పులతో మాత్రం కొట్టొద్దు తల్లీ, టైమింగు, అంటే ప్లగ్గులో నిప్పురవ్వ పడే సమయం, ముందుకు జరిగి ఉంటే కిక్కు వెనక్కి తన్ని చీలమండ పగలగొడుతుంది. బూట్లు వేసుకో.

ఇక బండిలోపలి పనుల్లో నువ్వు చేసుకోవలసినవి కొన్నే. వాటిలో పాయింట్లు మొదటివి, ప్లగ్గులో నిప్పురవ్వ ఎప్పుడు పడాలో చెప్పే చిన్న స్విచ్చు అది. ఇంజను కుడిపక్క గుండ్రటి మూత తీస్తే కనబడతాయి. అవి పూర్తిగా విడినప్పుడు సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. ఫీలర్ గేజి, అంటే సందు కొలిచే పనిముట్టు, దాని రేకు ఆ సందులో జారిపోకూడదు, ఇరుక్కోకూడదు, కొంచెం పట్టుకుంటూ రావాలి. మొహాలు నల్లగా ఉంటే సన్న ఎమరీ కాగితంతో ఒకసారి రాసి, పెట్రోలు తడిపిన గుడ్డతో తుడిచెయ్యి. వేడెక్కాక ఆగిపోయి, చల్లారాక మళ్లీ స్టార్టవుతోందంటే నేను ముందు పాయింట్లతో కలిసి పనిచేసే చిన్న భాగం, కండెన్సరునే అనుమానిస్తాను. పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టుకుంటానంటే అడ్డు చెప్పను, చాలామందికి బాగానే నడుస్తున్నాయి. నా వరకు పాయింట్లే ఇష్టం. పాడైతే రోడ్డు పక్కన కూర్చుని గీకి ఇల్లు చేరొచ్చు. ఆ ఎలక్ట్రానిక్ డబ్బా కాలిపోతే ఇంటిదాకా నెట్టుకు రావాలి.

రెండోది ట్యాపెట్లు, అంటే ఇంజను వాల్వులను కదిపే భాగాలు. ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే, అంటే పొద్దున బండి తియ్యకముందే. పిస్టను కంప్రెషను పైకొసకు, అంటే అది గాలిని నొక్కుతూ చేరే పైకొసకు తెచ్చి, సిలిండరు పక్క చిన్న మూత విప్పితే రెండు పుష్ రాడ్లు, వాల్వులను నెట్టే కడ్డీలు, కనిపిస్తాయి. ఒక్కోదాన్ని బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని తిప్పు. సులువుగా తిరగాలి, కానీ పైకీ కిందికీ ఆడకూడదు. అంతే, దానికి గేజి కూడా అక్కర్లేదు. ట్యాపెట్లు టకటకమంటున్నాయని అందరూ కంగారుపడతారు గానీ, నాకు భయం వేసేది అసలు చప్పుడు లేనప్పుడు. బిగుసుకున్న ట్యాపెట్టు వాల్వును పూర్తిగా మూసుకోనివ్వదు, వాల్వు కాలిపోతుంది.

చైను పని చేసినప్పుడల్లా రెండు విషయాలు చూడు. చైను రెండు కొసలనీ కలిపే లాక్ క్లిప్పు మూసి ఉన్న కొస చైను పోయే దిక్కుకు ఉండాలి, నోరున్న కొస వెనక్కి ఉండాలి. చైను బిగించాక వెనక బ్రేకు నట్టు కూడా మళ్లీ సరిచెయ్యాలి, ఎందుకంటే చక్రం జరిగింది కదా. మెకానిక్ షాపుల్లో కుర్రాళ్లు ఎక్కువగా మరిచిపోయేది ఇదే.

నట్లు విప్పేటప్పుడు తొందరపడకు. ఈ బండిలో కొన్ని పాత ఇంగ్లీషు కొలతలవి, కొన్ని మిల్లీమీటర్లవి. సరిపడని స్పానరు వేసి బలం పెడితే నట్టు మూలలు గుండ్రంగా అయిపోతాయి. నీలం రేకు డబ్బాలో ఉన్న స్పానర్లన్నీ ఈ బండికి కొలిచి కొన్నవే. ఎవరికీ అప్పివ్వకు, మీ బాబాయికి కూడా.

క్రాంకు, బోరు, గేరుబాక్సు మాత్రం నీ పని కాదు, నా పని కూడా కాదు. అవి ఇంజను లోపలి పెద్ద పనులు, పెరంబూరులో మెకానిక్ భాయ్‌కే ఇవ్వు. అతను తిడతాడు, ఆలస్యం చేస్తాడు, కానీ తీసిన పాత సామాను గుడ్డలో కట్టి చేతిలో పెడతాడు. అలా పెట్టనివాడి దగ్గరికి వెళ్లకు.

కింద నూనె చుక్కలు పడుతున్నాయని రాశావు. రాత్రి బండి కింద ఒక అట్టముక్క పరిచి, చక్రాలు ఎక్కడున్నాయో పెన్సిలుతో గీత గీసి, పొద్దున చూడు. చుక్క ఏ మూత కింద పడిందో తెలిస్తే, ఆ ఒక్క గాస్కెట్టు మారిస్తే సరిపోతుంది. మొత్తం ఇంజను విప్పాలని ఎవడన్నా అంటే నవ్వి వచ్చెయ్యి. వారాల తరబడి నిలిపి ఉంచితే నూనె టాంకులోంచి క్రాంకుకేసులోకి జారుతుంది. అప్పుడు స్టార్టు చెయ్యగానే కాసేపు పొగ వస్తుంది, కంగారుపడకు. అలాంటప్పుడు కొలకర్రతో చూస్తే నూనె తక్కువగా కనబడుతుంది. అది చూసి మళ్లీ పొయ్యకు. బండి కాసేపు తిరిగాక కొలువు.

పెట్రోలు ఇప్పుడు మనప్పటిది కాదు. 2025కల్లా బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిందే వస్తోంది. ఇథనాల్ గాల్లో తేమను లాగుతుంది. చెన్నై గాలిలో తేమకేం కరువు? బండి వారాల తరబడి నిలబడితే టాంకు అడుగున తుప్పు, కార్బురేటరు గిన్నెలో మడ్డి. పాతకాలపు రబ్బరు ముక్కలు కూడా ఉబ్బుతాయి, పగులుతాయి. పెట్రోలు పైపు, ట్యాపు వాషర్లు, గిన్నె రబ్బరు ఈ పెట్రోలుకు తట్టుకునేవి చూసి వేయించు. కొన్నాళ్లు తియ్యనని తెలిస్తే ట్యాపు కట్టేసి, ఇంజను తనంతట ఆగిపోయేదాకా నడిపి, గిన్నె ఖాళీ చేసి పెట్టు. అన్నిటికన్నా మంచి మందు వారానికోసారి తియ్యడం. వీధి చివరిదాకా కాదు, ఇంజను బాగా వేడెక్కేదాకా.

వానాకాలం మాట. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకు మన వీధిలో నీళ్లు ఎంతదాకా వచ్చాయో నీకు గుర్తుండే ఉంటుంది. తుపాను కబురు వినగానే బండిని పక్కింటి వాళ్ల మెట్ల కిందికి ఎక్కించెయ్యి, వాళ్లేమీ అనుకోరు. ఒకవేళ మునిగితే, ఎంత ఆత్రంగా ఉన్నా కిక్కు కొట్టకు. సిలిండరులో నీళ్లుంటే, నొక్కినా అవి కుదించుకుపోవు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. ప్లగ్గు తీసి నీళ్లు పోనివ్వు, కార్బురేటరు గిన్నె వంపు, నూనె దించి చూడు. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు కలిసినట్టే, నూనె ఒకసారి మార్చి, ఇంకోసారి కూడా మార్చాలి. బ్రేకు డ్రమ్ములు కూడా విప్పి ఆరబెట్టించు.

సామాను గురించి దిగులొద్దు. 1955లో మద్రాస్ మోటార్స్ వాళ్లు ఇంగ్లండు ఎన్‌ఫీల్డ్‌తో కలిసి మొదలుపెట్టిన బుల్లెట్టు ఇది, తర్వాత చెన్నై తిరువొత్తియూరులోనే తయారయ్యేది. ఊళ్లో పుట్టిన బండికి ఊళ్లో సామాను దొరక్కుండా పోదు. కొత్తవి కావాలంటే జనరల్ ప్యాటర్స్ రోడ్డు. పాతవి కావాలంటే పుదుపేట. పుదుపేటలో మడ్‌గార్డు, టూల్ బాక్సు, హెడ్‌లైటు గిన్నె కొను, పాత రేకు గట్టిది. బ్రేకు షూలు, చైను, కేబుళ్లు, టైర్లు మాత్రం ఎంత చవగ్గా వచ్చినా పాతవి కొనకు. టైరు పక్కన నాలుగంకెలు అచ్చు వేసి ఉంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. గాట్లు నిండుగా ఉన్నాయని మురిసిపోకుండా ఆ అంకెలు చూడు. రబ్బరు గట్టిపడ్డ టైరు తడి రోడ్డు మీద జారుతుంది.

రంగు వేయించుకో, వద్దనను. కానీ ఆ నలుపే వేయించు. రంగు మారిస్తే ఆర్సీలో రాయించుకోవాలి, ఆఫీసు చుట్టూ తిరగాలి. 1993 బండి, 15 ఏళ్లు నిండాక ఐదేళ్లకోసారి రెన్యువల్, ఇప్పుడున్నది 2028 దాకా. నీ పేరుకు మార్పించే పని నేను వచ్చినప్పుడు చూద్దాం. గట్టిగా అరిచే సైలెన్సరుకు మాత్రం నా డబ్బు ఒక్క రూపాయి ఇవ్వను. బండి చప్పుడులో ఏ నట్టు వదులైందో, ఏ ట్యాపెట్టు బిగిసిందో వినబడాలి. అది అరుస్తుంటే నీకేం వినబడుతుంది?

సంక్రాంతికి బండి మీదే వస్తానన్నావటగా, మీ అమ్మ చెప్పింది. బ్రేకు షూలు, టైర్లు, వైరింగు పని అయితేనే రా. కొత్త క్లచ్ కేబులు ఒకటి పాతదాని పక్కనే కట్టించుకో, తెగినప్పుడు రెండు కొసలు మార్చుకుంటే చాలు. కండెన్సరు, ప్లగ్గు, ఫ్యూజులు సంచిలో పెట్టుకో. దూరం సుమారు 80 కిలోమీటర్లే. గంటకు 60కి మించి తోలకు, ఆ ఇంజనుకు అదే సుఖం. రెడ్‌హిల్స్ దాటేదాకా లారీలు ఎక్కువ, వాటి పక్కన నడవకు. డ్రమ్ము బ్రేకుల బండి కారు ఆగినంత తొందరగా ఆగదు, ముందున్నవాడికి నీకు మధ్య ఎవడైనా దూరితే దూరనివ్వు. గుమ్మిడిపూండిలో ఆగి టీ తాగి, ఇంజను చల్లారనిచ్చి ఫోన్ చెయ్యి. భోగి ముందురోజు ఆ హైవే మీద చెన్నై మొత్తం ఊళ్లకు పోతుంటుంది, కాబట్టి దానికి రెండు రోజుల ముందే బయల్దేరు. సెలవు దొరక్కపోతే బస్సెక్కు, బండి పండగయ్యాక తెచ్చుకోవచ్చు.

మీ నాన్న