తాళం వాళ్ల దగ్గర, నింద మా మీద

సంపాదకుడు గారికి,

ప్రభుత్వ ఆఫీసుల్లో కంప్యూటర్ల భద్రత గురించి పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో వార్త వేశారు. ఆ రోజే రాద్దామనుకున్నాను, ఆఫీసు పనుల్లో కుదరలేదు. వార్త బాగానే ఉంది గానీ, చివర్లో అధికారిగారన్న మాటే మింగుడుపడలేదు. అన్నిటికీ కారణం సిబ్బంది నిర్లక్ష్యమట!

ఆ సిబ్బందిలో నేనొకణ్ణి. మా ఆఫీసులో పద్నాలుగు కంప్యూటర్లున్నాయి. ఏడాదికోసారి ఏజెన్సీ కుర్రాడొకడు చెకింగ్‌కి వస్తాడు. ఈసారి వచ్చినతను జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి, మొదటి సీటు నుంచి చివరి సీటు దాకా అన్ని మిషన్లకూ వరసబెట్టి గుచ్చాడు. బయటి పెన్‌డ్రైవ్‌లు పెట్టరాదన్న కాగితం ఆ గోడకే అంటించి ఉంది. చూపిస్తే, "అది మీకు సార్, మాక్కాదు" అన్నాడు. టీ తాగి వెళ్లిపోయాడు. నెల తిరక్కుండా మెమో వచ్చింది. ఏడు మిషన్లు ఫెయిలయ్యాయి, అందరూ సంజాయిషీ ఇచ్చుకోండి అని. ఏ ఏడు? ఎందులో ఫెయిల్? రిపోర్టు కాన్ఫిడెన్షియల్ అట, చూపించరు. నా మిషన్ ఆ లెక్కలో ఉందో లేదో తెలియకుండానే, ఇకపై ఇలా జరగనివ్వనని రాసి సంతకం పెట్టాను.

పోనీ మనమే చూసుకుందామని సెట్టింగ్స్ తెరిస్తే, కొన్ని సెట్టింగులు మీ సంస్థ ఆధీనంలో ఉన్నాయని ఇంగ్లీషులో ఎర్రక్షరాలు. అప్‌డేట్ పడిందా, నెట్ నుంచి వచ్చే దాడుల్ని అడ్డుకునే ఫైర్‌వాల్ ఆన్‌లో ఉందా, యాంటీవైరస్ పనిచేస్తోందా అన్న ముక్క కూడా కూర్చున్నవాడికి తెలియనివ్వరు. అలాగని మాకు మార్చే అధికారం ఇమ్మని అడగడం లేదు. అది చేతికిస్తే ఏమవుతుందో మాకూ తెలుసు, మా సీట్లో కూర్చుని ఆటలాడే పిల్లకాయల్ని చూశాం. చూసుకోనివ్వండి చాలు అంటున్నాం. పెట్రోల్ బంకులో కొలత మీద అనుమానమొస్తే అయిదు లీటర్ల క్యాన్‌తో కొలిచి చూపించమని అడిగే హక్కు మామూలు జనానికే ఉందే, రోజుకు ఎనిమిది గంటలు ఆ మిషన్ ముందు కూర్చునేవాడికి ఆపాటి హక్కు లేదా?

ఇదేమీ కొత్త విద్య కాదు. సినిమాలు చూపించే నెట్‌ఫ్లిక్స్ కంపెనీ తన ఉద్యోగుల కోసం స్టెతస్కోప్ అనే ప్రోగ్రామ్ రాసుకుని, 2017లో అందరికీ ఉచితంగా ఇచ్చేసింది. ఎవరి మిషన్ వాళ్లే తెరిచి చూసుకోవచ్చు. డిస్క్‌లోని ఫైళ్లు పరాయివాళ్లు చదవకుండా ఎన్‌క్రిప్షన్ ఉందా, అప్‌డేట్లు వస్తున్నాయా, స్క్రీన్‌లాక్ పడుతోందా అన్నీ కనిపిస్తాయి. లోపముంటే అదెందుకు లోపమో, ఎలా సరిచేసుకోవాలో కూడా చెబుతుంది. మెమో ఇవ్వదు.

అదే ఏడాది మే నెలలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే వానాక్రై వైరస్ వచ్చి మన పోలీసు శాఖ కంప్యూటర్లకే తాళాలు వేసిన సంగతి మీ పాఠకులు మరిచిపోయి ఉండరు. దానికి విరుగుడు అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చింది. రెండు నెలల టైముంది. నీ మిషన్‌కు అది పడలేదయ్యా అని సీట్లో ఉన్నవాడికి స్క్రీన్ మీద కనిపించి ఉంటే, వాడు కనీసం ఫోన్ చేసి అడిగేవాడు కదా. ఇప్పుడు మా ఆఫీసులో సగం మిషన్లు విండోస్ 10వి. దానికి మామూలు సపోర్ట్, అంటే మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్లు, 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. కొత్తవి కొనాల్సింది కూడా గుమాస్తాలేనా?

పాస్‌వర్డ్ సంగతి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. 45 రోజులకోసారి మార్చాలని 2022లో కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ వ్యవహారాలు చూసే సంస్థ ఎన్ఐసీ నుంచి గైడ్‌లైన్స్ వచ్చాయి. ఊరికే గడువులు పెట్టి మార్పించవద్దని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ అంతకు అయిదేళ్ల ముందే చెప్పింది. ఫలితం చూడాలంటే మా ఆఫీసుకు రండి. కీబోర్డు తిరగేస్తే స్కెచ్‌పెన్‌తో రాసిన చీటీ, దాని మీద కొట్టేసిన మూడు పాత పాస్‌వర్డులు, కింద కొత్తది. ఇది నిర్లక్ష్యమంటే ఒప్పుకుంటాను. ఎవరి నిర్లక్ష్యమో తేల్చండి.

నెలనెలా మొదటి బుధవారం సైబర్ జాగరూకతా దివస్ మాత్రం తప్పదు. బ్యానర్ కడతారు, ఇంగ్లీషులో ప్రతిజ్ఞ చదివిస్తారు, ఫోటో తీసి పది నిమిషాల్లో వాట్సాప్ గ్రూపులో పెడతారు. అటెండర్ వెంకన్నతో సహా మేమందరం పలికాం, ఏం పలికామో ఎవరికీ తెలీదు. వెనకటికి హెడ్ క్లర్కులు సర్క్యులర్ వస్తే చదివి, తెలుగులో విడమర్చి చెప్పేవారు. ఇప్పుడు ఫార్వర్డ్ చేస్తే డ్యూటీ అయిపోయినట్టే.

ఈ ఉత్తరం రాస్తుండగా కూడా నా మిషన్ కింద మూల నారింజరంగు చుక్క వెలుగుతూనే ఉంది. నొక్కితే అడ్మినిస్ట్రేటర్‌ని సంప్రదించమంటోంది. ఆ అడ్మినిస్ట్రేటర్ ఎవరండీ అని మా ఆఫీసర్‌గారిని అడిగాను. లెటర్ పెట్టమన్నారు.

— ఒక సీనియర్ అసిస్టెంట్, గుంటూరు జిల్లా
(పేరు వేయవద్దని మనవి)