మా కూరగాయల పొలానికి అందిన సాయం: అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. కరోనా వల్ల నష్టపోయిన రైతులకు అమెరికా వ్యవసాయ శాఖ 2020లో ఇచ్చిన కరోనా ఆహార సహాయ పథకం (సీఎఫ్‌ఏపీ) రెండో విడత సొమ్ము మా ఖాతాలో జమ అయింది. టెక్సాస్‌లోని వాలర్ కౌంటీలో ఆకుకూరలు, బెండ, కాకర పండించి హ్యూస్టన్‌లోని భారతీయ దుకాణాలకు, హోటళ్లకు వేసే కుటుంబం మాది.

2020లో ఉగాది మార్చి 25న వచ్చింది. ఇల్లు కదలవద్దన్న హ్యారిస్ కౌంటీ (హ్యూస్టన్ ఉండే కౌంటీ) ఉత్తర్వు ముందు రోజు రాత్రే అమల్లోకి వచ్చింది. పండుగ భోజనాల కోసం ముందే చెప్పి ఉంచిన కొత్తిమీర, మెంతికూర మళ్లలోనే పూతకొచ్చాయి. పెళ్లిళ్లు వాయిదా పడ్డాయి, హోటళ్లు పార్సిళ్లతో సరిపెట్టుకున్నాయి. బెండ కాపుకొచ్చేనాటికి కోత కూలి కూడా గిట్టక కాయను మొక్కకే వదిలేశాం. ఆ ముదిరిన బెండ వరసల మధ్య నడవడం ఎంత కష్టమో సాగు చేసినవారికి చెప్పనక్కరలేదు.

పక్క పొలంలో ఆవులు పెంచే పెద్దాయన సెప్టెంబరులో కంచె దగ్గర నిలబడి, ఈసారి అన్ని కూరగాయలకూ సాయం వస్తుంది, దరఖాస్తు పెట్టండని గట్టిగా చెప్పారు. మేము పచ్చగా ఉండాలని కోరుకున్న ఆయనకు మొదటి నమస్కారం.

మా కౌంటీ రైతు సేవా కార్యాలయంలో మాకు అప్పటివరకు ఖాతా లేదు. పొలం వివరాలు, ఆదాయ ధ్రువీకరణ, బ్యాంకు వివరాలు, అన్నీ కొత్తగా నమోదు చేయాలి. అక్కడి ఉద్యోగిని ఒక్కో ఫారం ఫోనులో చదివి వినిపించి, మేము అర్థమైందనే దాకా ఆగి, అప్పుడే సంతకానికి పంపారు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. అమ్మా, మీ ఓర్పుకు మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉంటాం.

కూరగాయలకు లెక్క 2019 అమ్మకాల మీద కట్టారు. 50,000 డాలర్ల లోపు అమ్మకాలకు 10.6 శాతం. అంటే 40,000 డాలర్లు అమ్మినవారికి 4,240. అమ్మకాలు పెరిగేకొద్దీ పై మొత్తానికి శాతం తగ్గేది. చిన్న రైతుకు ఎక్కువ శాతం ఇవ్వడం నాకు ఎంతో న్యాయంగా అనిపించింది. మరి మా అమ్మకాలకు ఆధారం? కృష్ణా జిల్లాలో ముప్పై ఏళ్లకు పైగా వ్యవసాయం చేసి వచ్చిన మా మామయ్యగారు, ఏ దుకాణానికి ఎన్ని కట్టలు వేశామో, ఎంత వచ్చిందో ప్రతి రాత్రీ తెలుగులో రాసి పెట్టిన పుస్తకం. దాన్ని పన్ను పత్రాలతో సరిచూసి ఇంగ్లీషులో పట్టికలుగా మార్చిన అకౌంటెంట్ అన్నయ్య రుసుము తీసుకోలేదు. మామయ్యగారూ, అన్నయ్యా, ఈ డబ్బు మీ ఇద్దరి చేతి రాతే.

పోయినదంతా తిరిగి రాలేదు. అయినా కోతకు వచ్చే రెండు కుటుంబాలకు బాకీ ఉన్న కూలి ముందుగా ఇచ్చేశాం. మిగిలినది వసంతం విత్తనాలకు, డ్రిప్ పైపులకు.

తోటి తెలుగు రైతులకు ఒక మాట. ఈ సాయం అప్పు కాదు, తిరిగి కట్టనక్కరలేదు. ఆదాయపు పన్ను లెక్కలో మాత్రం చూపాలి. గ్రీన్ కార్డు ఉన్నవారూ అర్హులే అయ్యారు. అప్పటి గడువు 2020 డిసెంబరు 11. ఇలాంటి పథకాల ఫారాల దగ్గర ఆగిపోయినవారు మొహమాటపడకుండా నాకు రాయండి, సాయంత్రాలు ఫోనులో కూర్చుని కలిసి నింపుదాం.