రెండు మీటర్ల బ్యాండేజీ ఇచ్చినాయనకి

ఈరోజు మధ్యాహ్నమే ఇంటికొచ్చాను. వేళ్ళు ఇంకా మొద్దుబారి ఉన్నాయి, తప్పులుంటే సర్దుకుని చదవండి.

థైరాయిడ్ క్యాన్సర్‌కి ఆపరేషన్ అయ్యాక, మిగిలిపోయిన కణాల కోసం రేడియో అయోడిన్ (రేడియేషన్ వెదజల్లే అయోడిన్ మందు) ఇచ్చారు, మోతాదు 100 మిల్లీక్యూరీలు. సీసపు డబ్బాలోంచి పటకారుతో తీసి ఇచ్చారు. చూడ్డానికి మామూలు క్యాప్సూలే. వాళ్ళు చేత్తో ముట్టుకోనిది నన్ను మింగమన్నారు! మింగగానే అందరూ బయటికెళ్ళి తలుపేశారు.

రోజూ ఒక టెక్నీషియన్ రేడియేషన్ కొలిచే మీటరు పట్టుకొచ్చి, నేల మీద గీత దగ్గర ఆగి రీడింగ్ తీసేవారు. రాసుకుని వెళ్ళిపోవచ్చు కదా. ఆయన మీటరు నావైపు తిప్పి, నిన్న ఎంతుందో ఇవాళ ఎంతుందో చూపించేవారు. "అయోడిన్-131 దానంతటదే సగమవడానికి 8 రోజులు పడుతుందమ్మా. మీ ఒంట్లోంచి మాత్రం మూత్రంలో చాలావరకు ముందే పోతుంది. నీళ్ళు తాగండి" అనేవారు.

ఇంటికెళ్ళాక కొన్నాళ్ళు పాపకి రెండు మీటర్ల దూరంలో ఉండాలని కాగితంలో రాశారు. మూడేళ్ళ పిల్లకి రెండు మీటర్లంటే ఏం చెప్పను అని అడిగాను. ఆయనేమీ మాట్లాడలేదు. డిశ్చార్జ్ రోజు బ్యాండేజీ చుట్ట తెచ్చి, టేపుతో కొలిచి కత్తిరించి, రెండు చివరలా ముడులేశారు. "ఒక ముడి పాపకి, ఒకటి మీకు. బిగుతుగా పట్టుకోవాలి, వదులైతే అవుట్. ఆట అని చెప్పండి."

బయాప్సీ రిపోర్టు చూసినప్పుడు కూడా ఏడవలేదు, అక్కడ ఏడ్చేశాను. ఆయన కంగారుపడి, "కన్నీళ్ళలో కూడా కాస్త ఉంటుందమ్మా, ఆ టిష్యూ ఈ డబ్బాలో వేయండి" అన్నారు. ఏడుస్తూనే నవ్వాను. రేడియేషన్ బ్యాడ్జి అడ్డొచ్చి ఆయన పేరు కనబడలేదు, అడగాలని తోచలేదు.

మా ఆయనకీ, అమ్మకీ థాంక్స్ అంటే తిడతారు, వదిలేద్దాం.

ఒక్క మాట మాత్రం కడుపులో పెట్టుకోలేను. ఇదంతా రెండు నెలల కిందటే అయిపోవాల్సింది. ఈ మందు బాగా పట్టాలని నాలుగు వారాలు థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్) మాత్ర ఆపి, అయోడిన్ ఉప్పు మానేసి, మెట్టెక్కితే ఆయాసపడుతూ అక్కడిదాకా వెళ్తే, "మధ్యలో సీటీ స్కాన్‌లో కాంట్రాస్ట్ మందు ఎక్కించారా? అందులో అయోడిన్ ఉంటుంది, ఇప్పుడిస్తే మందు సరిగా పట్టదు" అని వెనక్కి పంపారు. ఆ సీటీ చేసింది అదే ఆస్పత్రి! ఒక గదిలో రాసింది పక్క గదిలో చదవరా? మాత్ర మళ్ళీ మొదలుపెట్టి, మళ్ళీ ఆపి, ఆ నీరసం రెండుసార్లు పడ్డాను.

అయ్యో, తలుపు దగ్గర భోజనం పెట్టి, కనబడకపోయినా "తిన్నావా" అని కేకేసిన అమ్మ ఒకావిడ ఉన్నారు, ఆవిడకి కూడా. లోపలికెళ్ళే ముందు ఫోన్‌ని ప్లాస్టిక్ కవర్లో పెట్టిన నర్సుకి. లాలాజల గ్రంథులు వాయకుండా మర్నాటినుంచి పుల్లటి బిళ్ళలు చప్పరించమన్న చిన్న డాక్టరుకి.

పాప గుమ్మం దగ్గర ముడి పట్టుకుని నిలబడి ఉంది. ఇప్పటికి నేను రెండుసార్లు అవుట్ అట.